మనిషి చెయ్యి లేని నిర్ణయం

నేను ‘ఖాళీ’ అని గుర్తు పెట్టిన వీడియోలో కళ్లు మూసుకుని నిలబడి ఉన్నది మా అన్నయ్య.

ముఖం కనిపించదు. మాకు వచ్చే ప్రతి వీడియోలోనూ ముఖాలు చెరిపేసి పంపుతారు. మెడ పైన, ముఖం ఉండాల్సిన చోట ఒక బూడిదరంగు మరక మాత్రం కదులుతుంటుంది. కానీ ఆ కుడి మణికట్టుకు చుట్టిన పచ్చగుడ్డ మా ఇంటి పాత కర్టెన్ ముక్క. ఫ్యాక్టరీలో పగిలిన సీసా తగిలి చెయ్యి తెగకుండా వదిన చింపి ఇచ్చింది. ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని, తల పక్కకు వాల్చి నిలబడడం అన్నయ్యకు తప్ప ఇంకెవరికీ లేదు.

తెర మూలన చిన్న అక్షరాల్లో ఉంది: ‘పునఃపరిశీలన. మీ మొదటి జవాబు: ఖాళీ.’

నెలన్నర కిందట ఈ వీడియో ఒకసారి నా ముందుకొచ్చిందన్నమాట. రోజుకు పదిహేను వందల వీడియోలు చూసే కళ్లకు పచ్చగుడ్డలు ఆనవు. ఎవరో సోమరి నిలబడి కునుకు తీస్తున్నాడనుకుని ‘ఖాళీ’ నొక్కి ముందుకు పోయాను. మూడు వారాలకు అన్నయ్య ఉద్యోగం పోయింది.

వీడియో పన్నెండు సెకన్లు. జవాబుకు ఎనిమిది సెకన్లు. ‘పని’ అని ఒక బటన్, ‘ఖాళీ’ అని ఇంకో బటన్. మొదటి జవాబు మారిస్తే అది నా తప్పుగా రాసుకుంటారు. మూడు తప్పులైతే మర్నాటి నుంచి రానక్కర్లేదు. నాకు అప్పటికే రెండున్నాయి.

ఏడు. ఆరు. ఐదు.

తల తిప్పి చూశాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. ఆ గదిలో ఎవరూ ఎవరి వైపూ చూడరు.

నొక్కాను. అన్నయ్య పోయాడు. ఇంకో బూడిద మరక వచ్చింది.

మా గది ఒక ఫర్నిచర్ దుకాణం మీద మూడో అంతస్తులో ఉంది. కిటికీలకు నల్లకాగితం అంటించారు. ఫోన్లు కింద పెట్టెలో పెట్టి రావాలి. తలుపు సూపర్‌వైజర్ మెడలోని కార్డుతో తప్ప తెరుచుకోదు. గంటకోసారి ‘సైలెన్స్, సైలెన్స్’ అంటాడని ఆయనకు సైలెన్స్ సార్ అని పేరు పెట్టుకున్నాం. లోపల ఇరవై రెండు మంది ఆడవాళ్లం. డ్రైవర్ ఆవలించాడా, దుకాణంలో పిల్ల కస్టమర్‌ను చూసి నవ్విందా, గుమాస్తా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచాడు, అన్నీ మేమే చెప్పాలి. మా జవాబులు పోగేసి ఎక్కడో ఒక యంత్రం తీర్పు చెబుతుందని మాకు చెప్పారు. ఇక్కడ చేసే పని గురించి బయట నోరెత్తితే కేసు పెడతామని చేరిన రోజే సంతకాలు పెట్టించుకున్నారు. ఇంట్లో వాళ్లకు నాది ‘కంప్యూటర్ ఆఫీసు’. అంతే.

రెండు రోజుల తర్వాత పని అయ్యాక ఇంటికి వెళ్లేసరికి వదిన కుడిచేతికి కట్టు ఉంది.

“సీసా పగిలింది. ఆరు కుట్లు,” అంది. వదిన అదే సీసాల ఫ్యాక్టరీలో ప్యాకింగులో చేస్తుంది. “బీటపడ్డ సీసా పెట్టె దాకా వచ్చేసింది. మీ అన్న ఉంటే వచ్చేదా?”

అన్నయ్య పని వినడం. చల్లారిన సీసాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వరసగా వస్తుంటాయి. బాగున్న సీసా గలగలమంటుంది. కంటికి కనిపించనంత సన్నని బీట ఉన్నా చాలు, దాని గొంతు మూగపోతుంది. అన్నయ్య చెవి పట్టుకుని, కళ్లు మూసుకుని, దాన్ని వెయ్యి సీసాల్లోంచి ఏరేస్తాడు. వినేటప్పుడు కదలడు. అందుకే ఫ్యాక్టరీలో అందరికీ ఆయన చెవుల మేస్త్రి.

మాకొచ్చే వీడియోలకు శబ్దం ఉండదు.

“నువ్వు చదువుకున్నదానివి, ఇది చూడు చిన్నీ,” అని అన్నయ్య ఒక కాగితం ఇచ్చాడు. తన అర్జీకి ఫ్యాక్టరీ జవాబు. ‘మీ పనితీరును యంత్రం మళ్లీ పరిశీలించింది. మొదటి నిర్ణయమే ఖాయమైంది. ఇందులో మనిషి చెయ్యి లేదు.’

గోడ పట్టుకున్నాను.

“ఏమయిందే?” అంది వదిన.

“ఎండకు.”

అన్నయ్య నవ్వాడు. “పోనీలే. సూపర్‌వైజరు తీసేస్తే వాడి మీద కోపం పెంచుకునేవాణ్ణి. యంత్రానికి నా మీద పగేముంటుంది? మనిషెవడో చూసుంటే మాత్రం, నేను వింటున్నానని తెలుసుకునేవాడు.”

కాగితం మడిచి అన్నయ్యకు తిరిగి ఇచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం, పని వేళ మారే సమయానికి, ఫ్యాక్టరీ గేటు ముందు రెండు వందల మంది చేరారు. యంత్రం తీసేసిన ముప్ఫై ఎనిమిది మందీ ముందు నిలబడ్డారు. సెలవు పెట్టి నేనూ వదిన పక్కన నిలబడ్డాను.

“కెమెరాలు పగలగొడదాం రండి!” అని ఎవరో అరిచారు. నాలుగు చేతులు రాళ్ల కోసం వంగాయి.

యూనియన్ పెద్దాయన అరుగెక్కాడు. బట్టీ దగ్గర ముప్ఫై ఏళ్లు పనిచేసి కనుబొమలు కాలిపోయిన మనిషి. “ఆగండ్రా! పగలగొడితే రేపటికి కొత్తవి బిగిస్తారు, మనల్ని లోపలేస్తారు. ముందు నాకొకటి చెప్పండి. నిన్నటి దాకా మనిషిని తియ్యాలంటే సంజాయిషీ అడిగేవాళ్లా, లేదా?”

“అడిగేవాళ్లు!”

“ఇప్పుడెందుకు అడగలేదు?”

“యంత్రం తీసిందట!”

“అదీ కిటుకు! కొత్త నిబంధన తెచ్చారు. మనిషి తీస్తే తొలగింపు, కొలిచి యంత్రం తీస్తే ‘సర్దుబాటు’. సర్దుబాటుకు సంజాయిషీ అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. కాల్చినవాడు ఎవడ్రా అంటే తుపాకీని అడగమంటున్నారు!”

“మరి వెనకాల ఎవడో ఉండి ఉంటాడుగా?” అని ప్యాకింగు ఆడవాళ్లలోంచి ఒక గొంతు.

“ఉంటే తీసుకురండి. గురువారం లేబర్ ఆఫీసులో విచారణ. నేను చూశాను, నేను నిర్ణయించాను అనే ఒక్క మనిషి దొరికితే చాలు, ముప్ఫై ఎనిమిది మందీ మళ్లీ పనిలోకి పోతారు. దొరక్కపోతే వచ్చే నెల ఇంకో నూరు మంది బయటికొస్తారు.”

“దొరికితే తోలు వలిచేస్తా!” అంది వదిన కట్టుకట్టిన చెయ్యి ఊపుతూ. జనం గొల్లున నవ్వారు. నా భుజం మీద ఆమె రెండో చెయ్యి ఉంది. వెచ్చగా ఉంది.

మర్నాడు మళ్లీ నల్లకాగితం గదిలో ఉన్నాను. కొళాయి శబ్దంలో మాటలు వినపడవని మేం మాట్లాడుకోవలసినవన్నీ చేతులు కడుక్కునే చోటే మాట్లాడుకుంటాం. కొళాయి పూర్తిగా తిప్పి, పక్కనున్న ఇద్దరికీ చెప్పేశాను. ఒకామె లెక్చరరక్క. కాలేజీలో పాఠాలు చెప్పేది. ఆమె పాఠాలు రికార్డు చేసుకున్నాక కాలేజీ ఆమెను పంపేసింది. రెండో పిల్లను పొడుగ్గా ఉంటుందని నిచ్చెన అంటాం.

“మీ అన్నా?” అంది నిచ్చెన. “అయినా మనమేం చేశామే? బటన్ నొక్కాం. తీసింది వాళ్లు.”

“వాళ్లనడిగితే యంత్రమంటారు. యంత్రాన్నడిగితే మనల్ని చూపిస్తుంది. మధ్యలో మనం నోరు మూసుకున్నంత కాలం అందరూ సుఖంగా ఉంటారు,” అన్నాను.

“కేసు పెడతారు. నాకు చంటిది ఉంది.”

“నాకు అన్న ఉన్నాడు.”

నిచ్చెన చప్పున తల దించుకుంది. చాలా చిన్నగా అంది: “మా ఎదురింటాయన బస్సు నడిపేవాడు. ఆవలిస్తున్నాడని తీసేశారట. పోయిన నెలంతా నేను ఆవలింతలే చూశాను.”

లెక్చరరక్క కొళాయి కింద చేతులు పెట్టింది. “నా పాత పాఠాలు ఇప్పటికీ ఆ కాలేజీలో పనిచేస్తున్నాయి. జీతం అడగవు, సెలవు అడగవు. నా గొంతే నా ఉద్యోగం తినేసింది. ఇప్పుడు నా కళ్లు ఎవరివి తింటున్నాయో,” అంది. “గురువారం ఎన్నింటికి?”

“పదకొండింటికి.”

తలుపు మీద దబదబ చప్పుడు. “సైలెన్స్! గురువారం ఎవరికీ సెలవు లేదు. పైనుంచి ఆర్డరు,” అన్నాడు సైలెన్స్ సార్. ఎందుకో ఆయన గొంతులోనూ భయం ఉంది.

గురువారం నేను పనికి పోలేదు. ఒక్కదాన్నే లేబర్ ఆఫీసుకు పోయాను. ఇరుకు హాలు, రెండు ఫ్యాన్లు, వాటిలో ఒకటే తిరుగుతోంది. ముప్ఫై ఎనిమిది మందీ గోడ వారన నిలబడ్డారు. కంపెనీ లాయరు చల్లగా మాట్లాడుతున్నాడు.

“అయ్యా, ఇక్కడ పక్షపాతం ఎక్కడిది? చూసింది కెమెరా. తేల్చింది యంత్రం. అర్జీ పెడితే మళ్లీ చూసింది, మళ్లీ అదే తేల్చింది. ఇందులో మనిషి చెయ్యి లేదు.”

“కాదనడానికి మీ దగ్గర సాక్ష్యం ఉందా?” అని అధికారి పెద్దాయనను అడిగాడు.

పెద్దాయన జనం వైపు తిరిగి చూశాడు. అధికారి కలం అందుకున్నాడు.

లేచాను. వదిన నా చెయ్యి పట్టి లాగింది. “నీకెందుకే? కూర్చో!”

అప్పుడే హాలు తలుపు తెరుచుకుంది. ముందు లెక్చరరక్క, వెనక నిచ్చెన, వాళ్ల వెనక ఒక్కొక్కరే లోపలికొచ్చారు. లెక్కపెట్టాను. ఇరవై ఒక్క మంది.

“ఎలా వచ్చారు?” అన్నాను.

“బటన్ల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాం, అందరం ఒకేసారి,” అంది లెక్చరరక్క ఆయాసపడుతూ. “ఐదు నిమిషాలకు సైలెన్స్ సార్ తెర మీద ఎర్రగా వచ్చింది, ‘గది మొత్తం ఖాళీ’ అని. మనల్ని కూడా ఎక్కడో ఎవరో చూస్తున్నారే! ఆయన కంగారుపడి పైవాళ్లకు చెప్పడానికి తలుపు తీశాడు. మేం మెట్లు దిగేశాం.”

“వీళ్లనెవరు రానిచ్చారు?” లాయరు గొంతు మొదటిసారి పెరిగింది. “అయ్యా, వీళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టారు! మాట్లాడితే శిక్ష పడుతుంది!”

“యంత్రం సంతకం పెడుతుందా లాయరు గారూ?” అన్నాడు పెద్దాయన. హాలు ఒక్కసారి హోరెత్తింది.

అధికారి బల్ల మీద కొట్టాడు. నన్ను చూశాడు. “పేరు?”

అన్నయ్య నా వైపు తిరిగాడు. తల పక్కకు వాల్చి, ఎడమ చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వింటున్నాడు.

“పేరు తర్వాత రాసుకోండి. ముందు నేరం రాసుకోండి. ఆ వీడియో చూసింది నేను. అందులో శబ్దం లేదు. శబ్దం ఉంటే సీసాలు వినిపించేవి, ఆ మనిషి ఏం చేస్తున్నాడో తెలిసేది. వినేవాడిని శబ్దం తీసేసి చూపించి, పని చేస్తున్నాడా అని నన్నడిగారు. ‘ఖాళీ’ అన్నాను. అప్పుడు అతనెవరో నాకు తెలియదు. రెండోసారి తెలుసు. ఆ చేతికున్న గుడ్డ మా ఇంటిది. ఎనిమిది సెకన్లు టైముంది. జవాబు మారిస్తే నా ఉద్యోగం పోతుందని, మా అన్నయ్య చేతిని చూస్తూనే మళ్లీ ‘ఖాళీ’ నొక్కాను. యంత్రం మళ్లీ పరిశీలించిందని మా ఇంటికి ఉత్తరం పంపారే, ఆ యంత్రం నేనే.”