ఆల్చిప్పల పరీక్ష

మా చెల్లెలు ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఆల్చిప్పను పగలగొట్టకుండా, దాని ప్రాణం తీయకుండా, ఏ లోహం ఎంత ఉందో చిటికెలో చెప్పే మిషన్ ఒకటి వాళ్ళ దగ్గరుంది. చూడటానికి జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్‌లా ఉంటుంది. మా సరుకు కొనే వ్యాపారి ఆ పరీక్ష చేయించమన్నాడు. ఇంటి మనిషి ఉండగా పరాయివాళ్ళెందుకని నేనే చెల్లెల్ని రప్పించాను.

మా ఆయన తెప్ప నుంచి నీళ్ళలోకి తాళ్ళు వేలాడదీసి ఆల్చిప్పలు పెంచుతాడు. ఈసారి ఆ తాళ్ళు ఓడల పాత సామాన్ల దుకాణంలో చవగ్గా తెచ్చాడు. ఓడల రంగులూ నూనెలూ అంటిన తాళ్ళు వద్దంటే వినలేదు. అప్పటినుంచీ నాకు లోపల రగులుతూనే ఉంది.

పరీక్ష చూడ్డానికి వచ్చిన వ్యాపారి ముందు తడి గంప పెట్టడం నాకు నామోషీ అనిపించింది. అలమరలోంచి నీలం రంగు వేసిన పాత రేకు పళ్ళెం తీసి, తుడిచి, ఆల్చిప్పల్ని అందులో పేర్చాను. చెల్లెలు ఒక్కొక్కదాని మీదా మిషన్ ఆనించి చూసింది.

"అక్కా, సీసం చాలా ఎక్కువుంది. ఇవి తినకూడదు" అంది.

ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. "ఆ దిక్కుమాలిన తాళ్ళు వద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. విన్నారా? జనానికి విషం పెట్టబోయారు" అని వ్యాపారి ముందే అనేశాను. మా ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి వ్యాపారీ లేచాడు. నిజం చెప్పొద్దూ, నాకు గెలిచినట్టే అనిపించింది.

మిషన్ సర్దుతున్న చెల్లెలు ఎందుకో ఆగింది. "ఈ చిప్పల కంటే మిషన్ మూతే వెడల్పక్కా. కింద ఉన్నదీ కలిపి కొలిచిందేమో" అంటూ ఖాళీ పళ్ళెం మీద పెట్టి నొక్కింది. సీసం ఇంకా ఎక్కువ చూపించింది. అవే ఆల్చిప్పల్ని ప్లాస్టిక్ డబ్బా మూత మీద పెట్టి చూస్తే ఏమీ లేదు.

"ఆ పాత రంగులో ఉంది సీసం. ముందే ఖాళీ పళ్ళెం చూసుకోవాల్సింది. తప్పు నాదే" అని, నా వైపు చూడలేక వ్యాపారికి ఫోన్ చేసింది. నేను మా ఆయనకు చేశాను. గోడకు తగిలించిన చొక్కా జేబులో మోగింది.

రేవుకు పరుగెత్తాను. ఆయన అప్పుడే పడవ దిగుతున్నాడు. చేతులు గీసుకుపోయి ఉన్నాయి.

"తాళ్ళన్నీ కోసేశాను. పెరిగేవీ పెరిగినవీ అన్నీ అడుక్కి పోయాయి" అన్నాడు. "నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది. అందరి ముందూ నీ పరువు తీశాను."

సిగ్గుతో చచ్చిపోయాను. తాళ్ళలో ఏమీ లేదండీ, పళ్ళెంలో ఉంది, ఆ పళ్ళెం పెట్టింది నేనే అని ఎలాగో చెప్పాను. ఆయన కత్తి మడిచి లాగు జేబులో పెట్టుకున్నాడు.

"అయితే బాగానే పెరిగాయన్నమాట" అన్నాడు.

తలెత్తి ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.