గ్రీజు చేతులు, బిస్కెట్టు ముక్క

మా బావ యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసర్. జనానికి శుభ్రత నేర్పేవాళ్లకి పాఠాలు చెబుతాడు. ప్రజారోగ్య విద్య అంటారు దాన్ని. ఆయన ఎక్కిన మెట్లన్నీ నా చేతుల మీదుగానే ఎక్కాడు. మాటవరసకి అనడం లేదు.

అప్పటికి ఆయన ఉత్త లెక్చరర్. ఒక మధ్యాహ్నం కెమెరా మెళ్లో వేలాడేసుకుని నా మెకానిక్ షెడ్డుకి వచ్చాడు. నేను రంపపు పొట్టుతో, సబ్బుతో చేతులు తోముకుని, అప్పుడప్పుడే పళ్లొస్తున్న నా కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బిస్కెట్టు తినిపించబోతున్నాను.

"ఫొటోలో మురికి తెలియట్లేదురా. కాస్త గ్రీజు రాసుకో. తినిపించొద్దులే, ఊరికే నోటి దగ్గర పెట్టు" అన్నాడు.

అక్క మొగుడు, కాదంటే బాగుండదు. రాసుకున్నాను. ఆయన పని అయ్యాక మళ్లీ కడుక్కుని, ఆ బిస్కెట్టు పారేసి ఇంకోటి పెట్టాను.

ఆ ఫొటో పోస్టరైంది. నా కళ్ల మీద నల్లపట్టీ వేశారు. ఆసుపత్రి గోడల మీద, బస్టాండు మూత్రశాలల పక్కన నేనే. జనం పోతూపోతూ నా మొహం మీదే ఉమ్మేవాళ్లు. బావకి దాని మీద బహుమతి వచ్చింది, విమానం టిక్కెట్లు వచ్చాయి, చివరికి విభాగం పెద్ద కుర్చీ వచ్చింది.

పట్టీ లేని కాపీ ఒకటి మా ఆవిడ ఫ్రేము కట్టించింది. తండ్రీకూతుళ్లం కలిసున్న చిన్నప్పటి ఫొటో మా ఇంట్లో అదొక్కటే. "మా నాన్న పని ఆపి మరీ నాకు తినిపించేవాడు" అని నా కూతురు దాన్ని స్నేహితులకి చూపించుకునేది. పోస్టర్ల సంగతి దానికి తెలియదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు దానికి బావ దగ్గరే సీటొచ్చింది. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ గుండెల్లో రాయి పడింది. బావ గదికి వెళ్లి ఆ ఒక్క బొమ్మా పాఠంలోంచి తీసెయ్యమని బతిమాలాను. ఆయన పెన్ను మూతతో చెవిలో తిప్పుకుని, తీసి వాసన చూసి, కుర్చీ చేతికి తుడిచాడు. ఆ పెన్నుతోనే పిల్లల మార్కులు వేస్తాడు కాబోలు.

"కళ్లకి పట్టీ ఉందిగా, ఎవరు గుర్తుపడతార్రా? సరే, చూద్దాంలే" అన్నాడు.

మొదటిరోజు తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. నా కూతురు ముందు వరసలో కూర్చుంది. నేనూ అక్కా వెనక. చెమటా, సెంటూ కలిసి హాలంతా ఒకటే వాసన. లైట్లు తగ్గాయి. తెర మీద నేను, గోడంత.

బావ కళ్లజోడు తీశాడు. "ఈ తండ్రి చెడ్డవాడు కాదు, తెలియనివాడు. ఆ వారం తిరక్కుండానే ఆ బిడ్డ పోయింది" అన్నాడు. గొంతు వణికించాడు కూడా. ఎవరో తల్లి ముక్కు చీదింది.

నేను అక్క వైపు తిరిగాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "ఊరుకోరా. మీ బావ మొదట్లో ఆ బిడ్డకి ఉత్త విరేచనాలే అనేవారు. తర్వాత ఆసుపత్రిలో చేర్చారు. ప్రొఫెసర్ అయ్యాకే చంపారు."

ఇంక కూర్చోలేకపోయాను. "ఆ పిల్ల పోలేదు బావా. నీ ఎదురుగానే కూర్చుంది. ఆ గ్రీజు నువ్వు రాయించిందే."

బావ కనురెప్ప కూడా ఆడలేదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూశాడు. జరిగిన నష్టాన్ని ఒప్పుకోలేకపోవడమంటే ఇదేనని, రేపు వీధుల్లో తిరిగేటప్పుడు ఇలాంటివాళ్లే ఎదురవుతారని, కోప్పడకుండా ఓపిగ్గా వినాలని పిల్లలకి చెప్పాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నా కూతురు తల ఎత్తలేదు.

క్లాసయ్యాక అది వరండాలో కుళాయి పక్కన నా కోసం నిలబడింది. భుజాన విభాగంవాళ్లు పంచిన కొత్త సంచి.

"నేను పోలేదని నాకు తెలుసులే నాన్నా. మరి చేతులో? నిజంగా కడుక్కున్నావా?"

పొట్టు సంగతి, సబ్బు సంగతి, పారేసిన బిస్కెట్టు సంగతి అన్నీ చెప్పాను. చెప్పేకొద్దీ నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. అది ఓపిగ్గా, తల ఊపుతూ వింది. చెప్పిన పాఠం అప్పుడే వంటబట్టింది.

"సరేలే నాన్నా" అంది.

పొద్దుట్నుంచీ నేనేం తినలేదని దానికి తెలుసు. సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి విప్పింది. ఒకటి నాకు ఇవ్వబోయి ఆగింది. మళ్లీ సంచిలో చెయ్యి పెట్టి చిన్న సీసా తీసి, చల్లటి మందు నా అరచేతిలో పోసింది.

"గోళ్ల సందుల్లో కూడా రుద్దుకో" అంది మెల్లగా.

రుద్దుకున్నాను. అప్పుడు నా కూతురు బిస్కెట్టుని అంచు పట్టుకుని, నా వేళ్లకి తన వేళ్లు తగలకుండా, నా చేతిలో పెట్టింది.