నాగవ్వ కట్టిన పార్సల్

రక్తం కాయితంల ‘నెగటివ్’ అని వచ్చిందనంగనే నేను కొండగట్టు దేవుని దిక్కు మొక్కి వాడకట్టంత చక్కెర పంచిన. నా మనుమరాలు మనీషాకు ఐదేండ్లు. ఇరవై దినాల సంది పొద్దు గూకిందంటే ఒళ్లు కాలుడు, దగ్గుడు. బుక్కెడు బువ్వ తినది. కోడలు ఊర్మిల తల్లిగారిల్లు కోరుట్ల. ఆడ ఓ ప్రైవేటు ల్యాబుల పిల్ల రక్తం తీయించింది. టీబీ మీద కొట్లాడేటియి రక్తంల పుట్టినయా లేదా సూస్తరట. పుట్టలేదట, అంటే టీబీ లేదట. ఇంకేం గావాలె?

మా మల్యాల ఆశ వర్కర్ మల్లక్క అచ్చి ఆ ఖుషీ మీద నీళ్లు సల్లింది. "చిన్నమ్మా, గీ రక్తం పరీక్ష నమ్మేది కాదు. సర్కారు ఎప్పుడో బందు వెట్టింది. ఉన్నోళ్లకు లేదంటది, లేనోళ్లకు ఉందంటది."

"నీ నోట్ల మన్నువడ! నా పిల్లకు రోగం ఉండాల్నా నీకు? నడువు బయటికి!" అని కయ్యిమన్న. పోయి అరుగు మీద కూసున్నది మొండిది. సూసీ సూసీ నేనే సల్లవడ్డ.

అసలు పరీక్షకు తెమడ గావాలె అన్నది. ఐదేండ్ల పిల్లకు ఉమ్ముడు ఎట్లొస్తది? నేను, కోడలు ముంగట కూసోని దగ్గి సూపిస్తే, అది మమ్ముల సూసి పకపక నవ్వి ఉన్నదంత మింగింది. గప్పుడు మల్లక్క చిన్న డబ్బా చేతుల వెట్టింది. మింగిన తెమడ దొడ్డికిల పోతదట, గదే కొంచెం తెస్తే జగిత్యాల పెద్ద దవాఖానల మిషన్‌ల వెట్టి సూస్తరట. ఓ యవ్వ!

తెల్లారి పిల్ల తన పని జేసింది. ఇగ కట్టుడు నా వంతు. కట్టుడుల నన్ను మించినోళ్లు మండలంల లేరు. పన్నెండేండ్ల సంది దుబాయిల ఉన్న నా కొడుకు మహిపాల్‌కు పచ్చళ్లు పంపుతున్న, ఒక్క నూనె చుక్క కారలే. డబ్బాకు మూడు కవర్లు, మీద టేపు, దాని మీద పాత చీరెగుడ్డ, దబ్బడంతోని కుట్టు, కుట్టు మీద మళ్ల టేపు. అలవాటు ఎటు పోతది? ఊర్మిల చేత మార్కర్‌తోని కొడుకు పేరు, వాని దుబాయి ఫోన్ నంబరు గూడ రాపిచ్చిన.

బస్సుల పక్క సీటామె ఊకుంటదా! "దుబాయికా అక్కా? మా ఆయన గూడ ఆడనే. సకినాలా, గారెలా?" అని ముక్కుకు ఆనిచ్చుకొని వాసన సూసింది. "ఏం వాసన వస్తలేదు. మస్తు కట్టినవ్!" నవ్వు ఆగక కొంగు నోట్ల కుక్కుకున్న. ఊర్మిల కిటికీ దిక్కు తిరిగి ఊగుడే ఊగుడు.

దవాఖాన ల్యాబుల దివాకర్ సారు కత్తెర వెట్టిండు, తెగలే. బ్లేడు వెట్టిండు, తెగలే. టేపు కొసను పండ్లతోని గుంజవోయిండు. "వద్దు సారూ!" అని ఇద్దరం ఒర్రినం. ఆఖరికి విప్పి, "మహిపాల్ ఎవరు? ఐదేండ్ల పిల్ల అన్నరు?" అని కోపం జేసిండు. మనీషా అని పేరు మార్చినంక, అందరం కడుపు పట్టుకొని నవ్వినం.

మూడోనాడు మల్లక్క ఇంటికచ్చింది. నవ్వలే.

"ఉన్నది చిన్నమ్మా. మొదట్లనే దొరికింది. ఆర్నెల్లు మందు తప్పకుంట పోస్తే పిల్ల మంచిగైతది. మీ అందరికి గూడ పరీక్ష చేస్తరు."

దవాఖాన ఇచ్చిన గోలీల అట్ట నా చేతుల వెట్టింది. ఊర్మిల ఏడ్సుకుంటనే గోలీలు నీళ్లల్ల కరగవెట్టి పిల్లకు తాగిచ్చింది. అది మూతి తుడుసుకొని, "బాపమ్మా, తియ్యగున్నది, ఇంకింత" అన్నది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒక్కసారే. మల్లక్క చేతులు పట్టుకున్న.

"ఆ దినం నిన్ను ఎల్లగొట్టి ఉంటే ఏమైతుండె బిడ్డా?"

"ఎల్లగొట్టినవ్ గద చిన్నమ్మా. నేనే పోలే."