కల్వకుర్తి బస్సులో మనీప్లాంట్ తీగ

స్వరూప మూడుసార్లు మనీప్లాంట్ పెట్టింది, మూడుసార్లూ కుళ్లిపోయింది. వనపర్తిలో ఆమె అద్దెకుంటున్న ఇంటి కిటికీలో ఖాళీ సీసాలే మిగిలాయి. చివరికి కల్వకుర్తిలో ఉన్న చిన్నమ్మ అమృతమ్మ దగ్గరికి పోతే గుట్టు తెలిసింది.

"ఉత్త ఆకు తుంపి నీళ్లల్ల ఏస్తే ఏమొస్తది పిచ్చిదానా? కణుపు ఉండాలె. గీ ముడి కాడనే ఏరు పుడ్తది," అని చిన్నమ్మ తీగ మీద వేరు పుట్టే చోట వేలు పెట్టి చూపించింది. చూపించి ఊరుకోలేదు. వరండా గ్రిల్లుకు అల్లుకున్న తీగను రెండు నిలువుల పొడవున కోసి, తడిగుడ్డలో చుట్టి, చేతిసంచిలో కుక్కి పంపింది.

బస్సులో స్వరూపకు కిటికీ పక్క సీటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని, ఇంకెన్ని సీసాలు కావాలో అనుకుంటూ తనలో తానే నవ్వుకుంది. నాగర్‌కర్నూల్ దాటాక కునుకు పట్టింది. ఆ కునుకులో సంచి మూతి వదులై, తీగ చుట్ట విడి, దాని కొస పైకి లేచి ముందు సీటు మీదుగా జారి, అక్కడ నిద్రపోతున్న ముసలాయన మెడ మీద చల్లగా వాలింది.

"పాము! పామో!"

ఆయన పేరు మాసయ్య, ఊరు వీపనగండ్ల అని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం సీటెక్కి నిలబడి తువ్వాల విదిలిస్తున్నాడు. ముందువాళ్లు వెనక్కు, వెనకవాళ్లు ముందుకు ఉరికారు. డ్రైవర్ బ్రేక్ కొట్టాడు. కండక్టరమ్మ విజిల్ ఊదింది, ఎందుకో ఆమెకే తెలియదు.

"పాము కాదు పెద్దయ్యా, నా తీగ!" అని స్వరూప అరిచింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సీటు సీటుకూ పాకి మాసయ్యను చేరేసరికి ఆయనే కడుపు పట్టుకుని నవ్వాడు.

"గింత బెదిరిచ్చినవు గద బిడ్డా, నాకో ముక్క ఇయ్యాలె," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

స్వరూపకు మనసు చివుక్కుమంది. కానీ అంత నవ్వులో లేదనడం ఆమెకు చేతకాలేదు. పక్కసీట్లో కూర్చున్న, బట్టలు కుట్టే పుష్పమ్మ తన సంచిలోంచి కత్తెర తీసిచ్చింది. స్వరూప కణుపుకు కాస్త కిందుగా కోసింది.

"గీ ముడి నీళ్లల్ల ఉండాలె పెద్దయ్యా, ఆకు మునగొద్దు. నాలుగు దినాలకోపారి నీళ్లు మార్చాలె." పొద్దున నేర్చిన పాఠమే, పుట్టినప్పటి నుంచి తెలిసినట్టు చెప్పేసింది.

"ఏరు రాకుంటే నిన్నే అడుగుత," అని మాసయ్య ఆమె ఫోన్ నెంబరు రాయించుకున్నాడు.

"నాకోటి అక్కా!" "మా కోడలికోటి!" అని తలా ఒకరు అడిగారు. "జర నాక్కూడ!" అంది కండక్టరమ్మ.

ఇక స్వరూపను ఆపేవాళ్లు లేరు. తీగను మెడలో దండలా వేసుకుని, కదిలే బస్సులో సీట్లు పట్టుకుంటూ, కోసుకుంటూ, పాఠం చెప్పుకుంటూ పోయింది. తాగి మిగిల్చిన నీళ్ల సీసాల్లోకి ముక్కలు దిగాయి. వనపర్తి వచ్చేసరికి కిటికీ కిటికీకీ ఒక పచ్చని ఆకు తొంగిచూస్తోంది. డ్రైవర్ ముందు కూడా ఒకటి.

దిగి సంచి తీసి చూసుకుంటే ఒకే ముక్క, దానికి ఒకే కణుపు. బస్టాండు మధ్యలో నిలబడి పగలబడి నవ్వింది.

"గీ ముక్క కోసం కల్వకుర్తి దాంక పోయినవా?" అన్నాడు ఇంటి దగ్గర భర్త రాఘవేందర్.

"పోయిన. మల్ల పోత."

పదకొండు రోజులు సీసా ముందే కాపురం. ఏమీ రాలేదు. పన్నెండో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"బిడ్డా, నేను మాసయ్యను! నాది ఏరేసింది! తెల్లగ, మీసమోలె!"

స్వరూప ఫోన్ చెవికి పెట్టుకునే కిటికీ దగ్గరికి ఉరికి, సీసాను వెలుగుకు ఎత్తింది. కణుపు పక్కన ఆవగింజంత తెల్లటి చుక్క.

"నాది గూడ పెద్దయ్యా! నాది గూడ!"

ఏమైందోనని రాఘవేందర్ నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చాడు. సీసాలోకి ఎంత తొంగిచూసినా ఆయనకు ఏమీ కనిపించలేదు. అయినా భార్య ఎగురుతుంటే తానూ ఎగిరాడు.