వంటగది కిటికీ మూసి వేసిన ఓటు

“ఈసారి బీన్స్ అదిరాయి. అందరూ అడిగి మరీ వేయించుకున్నారు” అన్నాడు మా ఆయన రాయిస్, ఊరి సభ నుంచి వస్తూనే. నేను టౌన్ హాల్ నుంచి మోసుకొచ్చిన గిన్నెలు తోముతున్నాను. వెర్మాంట్‌లో మా ఊరివాళ్లంతా ఏటా మార్చిలో ఒకచోట చేరి, ఊరి ఖర్చులన్నీ ఓటేసి తేల్చుకుంటారు. మధ్యాహ్న భోజనం మాత్రం ఆడవాళ్ల నెత్తిన. గిన్నెల చప్పుడు సభకు అడ్డొస్తోందని ఈసారి వంటగది కిటికీ కూడా మూయించారు.

“అన్నట్టు, ఇళ్లకొచ్చే నర్సుకి ఊరిచ్చే డబ్బు తీసేశాం.”

నా చెయ్యి ఆగిపోయింది. మంచం పట్టిన మా అత్తగారి వీపు పుండ్లకు ఆ నర్సు వచ్చి కట్టు కడితేనే నేను కాస్త ఊపిరి పీల్చుకునేది.

“ఆ ఓటు భోజనాలయ్యాక కదా రావాల్సింది?”

“ముందుకు జరిపాం. ఎవరూ కాదనలేదు.”

“కాదనేవాళ్లం వంటగదిలో ఉన్నాం.”

“అబ్బా, అమ్మని చూసుకోడానికి నువ్వున్నావుగా. మళ్లీ నర్సెందుకు?”

ఒళ్లు మండిపోయింది. ఆవులకు నేనున్నాను, పిల్లలకు నేనున్నాను, ఆయన తల్లి మలమూత్రాలకు నేనున్నాను. ఓటు వేసే వేళకు మాత్రం నేను లెక్కలో లేను. వీళ్లకు సిగ్గన్నది ఉందా?

ఓటర్లలో నూటికి ఐదుగురు సంతకం పెట్టి అడిగితే, ఊరి పెద్దలు మళ్లీ సభ పిలవక తప్పదు. ఏ విషయం మీదో, ఎప్పుడో, ఎక్కడో రాసి నెల ముందే నోటీసు అంటించాలి. అది చట్టం. మర్నాడే అర్జీ కాయితం రాసి, పక్కింటి వినిఫ్రెడ్‌ని వెంటబెట్టుకుని సంతకాలకు బయల్దేరబోయాను. లోపలి గదిలోంచి అత్తగారు పిలిచారు. ఆవిడ నన్ను ఏనాడూ మెచ్చుకున్న మనిషి కాదు.

“గోడకి చెవులున్నాయో లేదో గానీ నాకున్నాయి. ఆ కాయితం ఇటియ్యి. నేనూ ఈ ఊరి ఓటరునే.”

మొదటి సంతకం ఆవిడే పెట్టారు. మిగతావి సాయంత్రానికల్లా అయిపోయాయి.

ఊరి పెద్దల్లో రాయిస్ ఒకడు. ఆ కాయితం చూసి మొహం గంటు పెట్టుకున్నాడు.

“ఊళ్లో నా పరువు తీశావు. సరే, సభ పిలుస్తాం. వెళ్లి అరుచుకోండి. మరి ఆ రోజు అమ్మ దగ్గర ఎవరుంటారు?”

“అత్తయ్య కూడా వస్తున్నారు, మంచంతో సహా. ఒక కోడు నువ్వు పట్టుకో, మిగతా మూటికీ మనుషుల్ని చూసుకో.”