ఆరో నెల రెండో తేదీ

మేం క్వేకర్లం, పాదిరి లేని క్రైస్తవులం. మా పెదనాన్న ఐజక్ మూడేళ్లపాటు మా పాత సభ పుస్తకాలు తిరగేసి వంశ చరిత్ర రాశాడు. సభ పేరు మీద అచ్చు వేయిస్తారు. ముందు పేర్లు సరిచూడమని నాకిచ్చాడు. చంటిది పడుకున్నప్పుడు చదివేదాన్ని, మధ్యమధ్య లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ.

అందులో ఎన్నో తరాల కిందటి మెర్సీ అనే ముత్తవ్వ ఉంది. 1741లో మా సమాజానికి చెందని గొర్రెల కాపరిని, చర్చిలో పాదిరి ముందు పెళ్లాడినందుకు వెలివేశారు. వెలివేసే ముందు నచ్చజెప్పి క్షమాపణ పత్రం రాయించడానికి ఇద్దరు ఆడవాళ్లను పంపారు. దాని గురించి పెదనాన్న ఇలా రాశాడు: "జూన్ రెండున ప్రేమతో వచ్చిన పెద్దలను చూసి మంచం దిగను కూడా లేదు. అంత పొగరు."

పెళ్లి జరిగిన ఆ చర్చి పుస్తకంలో మెర్సీ కొడుకు పుట్టింది అదే ఏడు జూలై ముప్పైన. ఎనిమిదో నెల మనిషి మంచం దిగకపోతే పొగరా అని ఒళ్లు మండింది నాకు. సభ పుస్తకం నకలు తెప్పించుకుని చూశాను. అక్కడ జూన్ అని లేదు, "ఆరో నెల రెండో తేదీ" అని ఉంది. మేం ఇప్పటికీ నెలలను అంకెల్లోనే చెప్పుకుంటాం కాబట్టి పెదనాన్నకు అనుమానమే రాలేదు. కానీ ఇంకో నాలుగు పేజీల తర్వాత అదే చేతిరాతలో "పదో నెల, అనగా డిసెంబరు" అని కనిపించింది. వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టాను. అప్పట్లో మొదటి నెల మార్చి. అంటే ఆరోది ఆగస్టు.

బిడ్డకు అప్పటికి మూడు రోజులు. నా మూడో రోజున గోడ పట్టుకోకుండా నేను నాలుగడుగులు వేయలేకపోయాను.

చెబితే పెదనాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పదిహేనేళ్లకే బడి మానేశావు. ఇప్పుడు నాకు నెలలు నేర్పుతావా అమ్మాయ్?"

"నువ్వే లెక్కపెట్టు పెదనాన్నా."

లెక్కపెట్టాడు. ఆగస్టు అని మారుస్తానన్నాడు. పొగరు అన్న మాట మాత్రం తీయడట. వెళ్లిన ఇద్దరిలో ఒకావిడ కూడా మా ముత్తవ్వేనట, ఆవిడ మంచితనం గురించి ఒక అధ్యాయమే ఉందట. పచ్చి బాలింత మీదికి వెళ్లి క్షమాపణ పత్రం రాయమన్న మంచితనం.

ఆదివారం సభలో పుస్తకం సంగతి వచ్చింది. మాలో చేతులెత్తించి లెక్కపెట్టడం ఉండదు. అందరి మనసూ ఒకటైతేనే కార్యదర్శి తీర్మానం రాస్తుంది. మెర్సీని వెలివేసిన తీర్మానమూ అలా రాసిందే. పిల్లల్ని కన్నవాళ్లు ఎంతమంది కూర్చుని ఉంటారో అక్కడ, ఒక్కరూ కాదనలేదు.

చంటిదాన్ని భుజాన వేసుకుని లేచాను.

"నాకు సమ్మతం కాదు" అన్నాను.

కార్యదర్శి ఎడిత్ కలం ఆపేసింది.

"ఎన్నాళ్లు ఆపుతావమ్మా?" అన్నాడు పెదనాన్న, నేలకేసి చూస్తూ.

"ఆవిడ మంచం మీద ఎందుకుందో నువ్వు రాసేదాకా."

పుస్తకం మీద ఈ రోజు ఏకాభిప్రాయం కుదరలేదని ఎడిత్ రాసి, పైకి చదివి వినిపించింది.