తడిసిన పొర

మా బావకి తడి అంటే ఒళ్లు మంట. వాయువులు సన్నని పాలిమర్ పొరల్లోంచి ఎంత వేగంగా దాటుతాయో కొలవడం అతని ఉద్యోగం. తేమ తగిలితే లెక్క చెడుతుందని ప్రతి పొరనూ అప్పడంలా ఎండబెడతాడు. అదే ప్రయోగశాలలో ఆ పొరలు తయారుచేసేది నేను. "ఇంట్లో మరదలు, ఇక్కడ తలనొప్పి" అని నన్ను అందరికీ పరిచయం చేస్తాడు.

నా కొత్త పొర కార్బన్ డయాక్సైడ్‌ను తనలోకి పీల్చుకుని అవతలికి పంపాలి, నైట్రోజన్‌ను ఆపాలి. మూసిన గదుల్లోని చెడ్డగాలిని అలా తోడెయ్యవచ్చని నా ఆశ. కానీ పరికరంలో బిగిస్తే ఎంత గ్యాసు దాటిందో చూపే తెర మీది గీత నేలను కరుచుకుని పడుకునేది. నెలల తరబడి ఇదే తంతు. ఇక పరికరాన్ని విప్పి పక్క విభాగానికి ఇచ్చేయాలని మా ప్రయోగశాల పెద్ద, మేడమ్, తేల్చేశారు. అది కూడా ఆ సాయంత్రమే. నా పొరకు నూకలు చెల్లినట్టే.

చివరి పరీక్ష నడుస్తోంది. బావ అప్పుడే స్పానర్లు తీసి పెట్టుకుంటున్నాడు. తెర వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. గీత కదిలింది.

"బావా, లేచింది."

"లీకయ్యుంటుంది. వాల్వు కట్టెయ్."

"కట్టను."

"మొండిదానా, పొర చిరిగితే ఏ గ్యాసైనా దూరుతుంది. ఊరికే సంబరపడకు."

ఆ మాటతోనే నాకు దారి దొరికింది. చిరిగితే నైట్రోజన్ కూడా దూరాలి కదా. ఏదీ దాటనప్పుడు ఎందుకని దాన్ని కొలిచే భాగాన్ని మేమెప్పుడో ఆపేశాం. ఇప్పుడు ఆన్ చేశాను. అది వేడెక్కేలోగా నా గోళ్లన్నీ కొరికేసుకున్నాను. చివరికి రెండో గీత వచ్చింది, బల్లపరుపుగా. వెంట్రుకవాసి కూడా లేవలేదు. ఇన్నాళ్లూ ఏడిపించిన చదును గీతను చూసి ఇంత ఆనందం వేస్తుందని అనుకోలేదు. పొర చిరగలేదు, ఎంచుకుంటోంది. గంతులు వెయ్యాలనిపించింది. వేశాను కూడా.

"మరి ఇన్నాళ్లూ దీనికేం రోగం?" అంటూ బావ సిలిండర్ నుంచి గ్యాసు వచ్చే దారినంతా వేలితో తడుముతూ వచ్చి, తేమను పీల్చే గింజల గొట్టం దగ్గర ఆగిపోయాడు. నీలంగా ఉండాల్సిన గింజలు గులాబీ రంగులో ఉన్నాయి. దిగులులో, పారెయ్యాల్సిన పాత గొట్టాన్ని బిగించేశాడు. తేమ తాగి ఉన్న ఆ గింజలు, దాటి వెళ్తున్న పొడి గ్యాసుకు ఆ తేమను అందిస్తున్నాయి.

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే గుణం పొరలో ఉంది, నేనే పెట్టాను. పట్టుకున్నదాన్ని అవతలికి చేరవేయాలంటే మాత్రం నీళ్లు కావాలి. బావ శుభ్రంగా తీసేసింది వాటినే.

ఇంతలో తలుపు తెరుచుకుంది. మేడమ్, ఆవిడ వెనక ట్రాలీ తోసుకుంటూ ఇద్దరు మనుషులు. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"ఒక్కసారి లేచిందని ఆపలేనమ్మా," అన్నారావిడ. "నా ముందు మళ్లీ చేసి చూపించండి. లేవకపోతే విప్పేస్తారు."

బావ గొట్టం పీకేసి, దాని చోట నీళ్ల సీసా పెట్టాడు. గ్యాసు ఇప్పుడు నీళ్లలో బుడగలు వేసి పొర దగ్గరికి వెళ్తుంది.

"నా చేత్తో నేనే నీళ్లు పోశాను," అని నా చెవిలో గొణిగాడు. "మీ అక్కకి చెప్పకు. బాత్రూమ్ తడిగా ఉందని రోజూ దెబ్బలాడతాను."

గీత ముందు కిందికి జారింది. వచ్చినవాళ్లలో ఒకడు స్పానర్ అందుకున్నాడు. అప్పుడు గీత తిరిగింది. ఇందాకటి ఎత్తును దాటింది. ఇంకా పైకి పోతోంది. నైట్రోజన్ గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఎక్కడ ఆగుతుందిది?" అన్నారు మేడమ్.

"తెలీదు మేడమ్," అన్నాను.

"మరి విప్పమంటారా?" అడిగాడు స్పానర్ పట్టుకున్నతను.

"వద్దు, మీరెళ్లండి. ట్రాలీ మాత్రం ఉంచండి," అని ఆవిడ చేతిసంచి కింద పెట్టి, ఆ ట్రాలీ మీదే కూర్చుని గీతను చూడసాగారు.